పోస్టు డబ్బా పక్కన మూసేసిన ఇనప పలక: ఇది పాత స్టాంపుల మెషినేనా?

చలిదేశంలో_చింతకాయ

అందరికీ నమస్తే. నేను ఇంగ్లండ్ వచ్చి రెండేళ్ళవుతోంది. రోజూ బస్టాపుకి నడిచే దారిలో ఒక ఎర్ర పోస్టు డబ్బా ఉంది. ఇక్కడ మామూలు డబ్బాలు గుండ్రంగా, మన ఊళ్ళో నీళ్ళ డ్రమ్ము నిలబెట్టినట్టు ఉంటాయి కదా, ఇది అలా కాదు, కోడిగుడ్డుని రెండువైపులా నొక్కినట్టు కోలగా, కాస్త లావుగా ఉంది. ఉత్తరాలు వేసే నోరు ఒక్కటే. ఇంకో పక్కన నా ఛాతీ ఎత్తులో ఒక ఇనప పలక, చుట్టూ బోల్టులు, దాని మీద కూడా అదే ఎర్ర రంగు దట్టంగా పూసేశారు. దగ్గరికెళ్ళి చూస్తే తప్ప పలక ఉందని కూడా తెలీదు.

మొదట కరెంటు వాళ్ళదేదో అనుకున్నా. మొన్న బస్సు ఇరవై నిమిషాలు లేటు, చేసే పనేం లేక దాన్నే చూస్తూ నిలబడ్డా. పలక పైన వేలితో తడిమితే ఉబ్బెత్తుగా ఏవో అక్షరాలు తగిలాయి, రంగు పూతల కింద మూసుకుపోయి ఉన్నాయి, చదవడానికి రావట్లేదు. ముందువైపు కిరీటం, దాని కింద జీ, ఆర్ అని సాదా అక్షరాలు. ఇంటికొచ్చి వెతికితే ఇలాంటి డబ్బాల్లో ఒకప్పుడు బిళ్ళ వేస్తే స్టాంపు వచ్చే మెషిన్ ఉండేదని ఎవరో రాశారు. నిజమేనా? ఎలిజబెత్ రాణి టైముదా ఇది? ఇక్కడ స్టాంపుల పెద్దలు ఉన్నారని తెలిసి అడుగుతున్నా. ఫోటో కింద పెట్టాను, వానలో తీసింది, ఏమీ అనుకోవద్దు.

వాటర్‌మార్క్_తాతయ్య

బాబూ, ఎలిజబెత్ కాదు. రాణిగారివైతే ఈ, రెండు రోమన్ గీతలు, ఆర్ ఉంటాయి. అంకె లేకుండా ఒట్టి జీ, ఆర్ ఉందంటే ఐదో జార్జి, అంటే 1936 జనవరికి ముందు సంగతి. ఆరో జార్జిదైతే మధ్యలో ఆరు అంకె రోమన్‌లో కనిపిస్తుంది. మీ డబ్బా కోలగా ఉండి, పక్కన పలక ఉండి, ఐదో జార్జి గుర్తు ఉందంటే నాకు తొంభై శాతం నమ్మకం, అది 1932లో వాళ్ళు కొత్తగా మొదలుపెట్టిన రకం. ఒకే ఇనప పోతలో ఉత్తరాల డబ్బా, స్టాంపుల మెషిన్ రెండూ. రాత్రి తొమ్మిదింటికి పోస్టాఫీసు మూసేశాక కూడా స్టాంపు కొని, అంటించి, అక్కడే పడేసి ఇంటికి పోవచ్చన్నమాట. కొన్నిటి మీద ఒక పక్క ఉత్తరాలు అని, ఇంకో పక్క స్టాంపులు అని పోతలోనే ఉబ్బెత్తు అక్షరాలు ఉండేవి. మీ వేలికి తగిలింది అదే అయ్యుండాలి. ఫోటో మాత్రం నిజంగానే ఘోరంగా ఉంది, ఎండ కాసినప్పుడు, అదే, మీ దేశంలో కాస్తే, ఇంకోటి తియ్యండి.

మెషిన్ ఆలోచన 1932ది కాదు, చాలా పాతది. 1880 దశకం మొదట్లోనే లండన్‌లో పర్సివల్ ఎవరిట్ అనే ఆయన బిళ్ళ వేస్తే పోస్టుకార్డు ఇచ్చే యంత్రం పెట్టాడు. అసలు చిక్కు స్టాంపుతో. కార్డు గట్టిగా ఉంటుంది, తోస్తే వస్తుంది. స్టాంపు పల్చటి కాగితం, వెనక జిగురు, ఒక్కటే రావాలి, రెండు రాకూడదు, చిరగకూడదు. దాన్ని సరిగ్గా సాధించింది న్యూజీలాండ్‌లో పోస్టాఫీసులో పనిచేసే డిక్కీ అనే ఆయన, 1905లో వెల్లింగ్టన్‌లో ట్రయల్ వేశారు. కిటుకు ఏంటంటే స్టాంపుల మధ్య చింపడానికి ఉండే చిల్లులు ఉన్నాయి చూశారూ, ఆ చిల్లుల్లోకి దిగే పళ్ళున్న చక్రం పెట్టాడు. బిళ్ళ పడితే చక్రం సరిగ్గా ఒక స్టాంపు మేర తిరుగుతుంది, ఆగిపోతుంది. సినిమా రీలు పక్క చిల్లుల్లోంచి ప్రొజెక్టర్‌లో ఎలా నడుస్తుందో అలాగే.

పెసరట్టు_ఉప్మా

మెషిన్‌ని నమ్మి డబ్బులు వెయ్యడం ఏంటండీ. మా ఆఫీసులో చిప్స్ ప్యాకెట్లు ఇచ్చే మెషిన్ పోయిన నెల నా డబ్బులు మింగి, ప్యాకెట్‌ని సగం బయటికి తోసి, ఊరిస్తూ అలాగే వదిలేసింది. రెండు రోజులు వచ్చి చూసుకుని వెళ్ళాను దాన్ని. మూడో రోజు ఎవరో అదృష్టవంతుడికి రెండు పడ్డాయట.

డెట్రాయిట్_దొండకాయ

తాతయ్య గారూ, అమెరికా సంగతి కూడా చెప్పండి. మా డెట్రాయిట్‌లోనే షెర్మాక్ అనే ఆయన ఈ మెషిన్లు తయారుచేశాడు, ఆయన చక్రానికి సరిపోయేలా స్టాంపుల పక్కన పొడుగ్గా రెండు గాట్లు పెట్టేవాళ్ళు, అవి ఇప్పుడు కలెక్షన్ వాళ్ళు వెతుక్కుంటారు. ఇక్కడ ఎక్కువగా మందుల షాపుల్లో, కిరాణా కొట్లలో ఉండేవట. పోస్టాఫీసు రేటుకి కాదు, కొంచెం ఎక్కువకి అమ్మేవాళ్ళు, ఆ తేడా షాపువాడి లాభం. స్టాంపులు చిన్న అట్ట మడతలో పెట్టి, దాని మీద శానిటరీ అని రాసేవాళ్ళు! చెయ్యి తగలని శుభ్రమైన స్టాంపు అన్నమాట. దాన్ని తర్వాత నాలికతోనే నాకి అంటిస్తారు, అది వేరే విషయం.

వాటర్‌మార్క్_తాతయ్య

@డెట్రాయిట్_దొండకాయ ఆ గాట్ల స్టాంపు ఒకటి నా దగ్గరుంది. అసలుదో నకిలీదో ఇప్పటికీ తేల్చుకోలేదు. గాట్లు ఎవరైనా బ్లేడుతో కొయ్యొచ్చు.

తపాలా_మాస్టారు

ముప్పై నాలుగేళ్ళు తపాలా శాఖలో చేసి రిటైర్ అయినవాణ్ణి. ఈ చర్చ చూసి ఊరుకోలేకపోయాను. నేను పనిచేసిన ఏ ఆఫీసులోనూ స్టాంపుల మెషిన్ లేదు. మాకు మెషిన్ అంటే కౌంటర్లో కూర్చున్న నేనే. బిళ్ళ వేస్తే స్టాంపు ఇచ్చేవాణ్ణి, ఒక్కోసారి విసుక్కునేవాణ్ణి కూడా.

తాతయ్య గారు జిగురు అన్నారు కదా, అసలు కథ అక్కడే ఉంది. గోదావరి జిల్లాలో ఒక ఆఫీసు, ఊరు పేరు చెప్పను. జులై, ఆగస్టు నెలల్లో వాన పట్టిందంటే బీరువాలో స్టాంపు షీట్లు ఒకదానికొకటి అతుక్కుపోయేవి. మేం షీటుకీ షీటుకీ మధ్య బటర్ పేపర్ పెట్టేవాళ్ళం. ఒకసారి మాలో ఎవరో పెట్టడం మర్చిపోయారు, సోమవారం తెరిస్తే నాలుగు షీట్లు కలిసి ఒకే అట్ట. మెల్లగా విడదీద్దామని చూస్తే పైదాని వెనక జిగురుతో పాటు కిందదాని బొమ్మ లేచి వచ్చింది. రిజిస్టరులో లెక్క తేలాలి కదా, తలా కొంత జేబులోంచి కట్టుకున్నాం. నాలుగు గోడల మధ్య, బీరువాలో, మనుషులు కాపలా ఉన్నచోట ఇదీ పరిస్థితి. అలాంటిది నడివీధిలో, ఇనప డబ్బాలో, ఇంగ్లండ్ వానలో చుట్ట చుట్టి పెడితే ఏమవుతుందో నాకు చెప్పక్కర్లేదు.

బర్మింగ్‌హామ్_బుజ్జమ్మ

మాస్టారు గారూ, మీరు చెప్పింది అచ్చంగా జరిగింది! ఇక్కడ బ్రోమ్స్‌గ్రోవ్ దగ్గర ఆవన్‌క్రాఫ్ట్ అని ఆరుబయలు మ్యూజియం ఉంది, పాత టెలిఫోన్ బూత్‌లన్నీ ఒకచోట పెట్టారు. పిల్లల్ని సెలవుల్లో తీసుకెళ్ళాం. బూత్‌లు పనిచేస్తాయి, వాళ్ళ సొంత ఎక్స్ఛేంజ్ ఉంది, మా ఇద్దరూ ఒక బూత్ నుంచి ఇంకో బూత్‌కి ఫోన్ చేసుకుంటూ గంటసేపు కదల్లేదు. "హలో నాన్న ఉన్నాడా" "లేడు ఆఫీసుకెళ్ళాడు" ఇదే మాట. వాళ్ళ నాన్న పక్కనే నిలబడి ఉన్నాడు.

అక్కడ కే4 అనే రకం గురించి తెలిసింది. మామూలు ఎర్ర బూత్‌ని వెనక్కి సాగదీసినట్టు ఉంటుంది. ముందు తలుపు తీసి ఫోన్ చేసుకోవచ్చు, వెనక గోడకి ఉత్తరాల నోరు, స్టాంపుల మెషిన్లు. అంటే పోస్టాఫీసు మొత్తాన్ని ఒక ఇనప గదిలో పెట్టేద్దామని ఆలోచన. 1927 నాటి డిజైన్, చేసింది 50 మాత్రమే. ఎందుకు ఆపేశారంటే, ఒకటి, లోపల ఎవరైనా ఫోన్ మాట్లాడుతుంటే వెనక మెషిన్ చప్పుడుకి ఏమీ వినపడేది కాదట. రెండు, మాస్టారు గారు చెప్పిందే, చెమ్మకి చుట్టలో స్టాంపులు అతుక్కుపోయేవి. ఆకారం చూసి ఎర్ర రాక్షసి లాంటి పేరేదో పెట్టారు జనం. ఇంకా కొన్ని మిగిలాయి, ఫ్రాడ్షమ్‌లో ఒకటి, తూర్పు యార్క్‌షైర్‌లో రూస్ అనే పల్లెలో ఒకటి, బ్యూడ్లీ రైల్వే స్టేషన్లో ఒకటి. ఆ స్టేషన్‌కి పొగబండి ఎక్కి వెళ్ళొచ్చు, పిల్లలున్నవాళ్ళు తప్పకుండా వెళ్ళండి. సమోసాలు మాత్రం ఇంటి నుంచే పట్టుకెళ్ళండి.

కాకిలెక్కలు

ఇవన్నీ సరే గానీ, అసలు కారణం దొంగతనం అయ్యుంటుంది. వీధిలో డబ్బులున్న డబ్బా పెడితే ఎవడు ఊరుకుంటాడు? మెషిన్లో ఎన్ని బిళ్ళలుంటాయో! పగలగొట్టేవాళ్ళు, రిపేరు ఖర్చు, చివరికి పలక వేసి మూసేశారు. సింపుల్. జిగురు, చప్పుడు అంటూ కథలెందుకు.

వాటర్‌మార్క్_తాతయ్య

@కాకిలెక్కలు మీ పేరుకి తగ్గట్టే ఉంది లెక్క. దొంగలు లేరని నేననను. కానీ చెమ్మ కోసమో దొంగల కోసమో అయితే పదేళ్ళలో ఎత్తేసేవాళ్ళు. వీధి స్టాంపుల మెషిన్లు రాణిగారి కాలంలో కూడా చాలా ఏళ్ళు నడిచాయి, చివర్లో విడి స్టాంపులు మానేసి చిన్న పుస్తకాలు ఇచ్చేవి. నేననేది ఏంటంటే, మెషిన్‌ని చంపింది రేటు. కాస్త ఓపిగ్గా వినండి.

మెషిన్‌కి తెలిసింది ఒక్కటే, ఫలానా బిళ్ళ పడితే ఫలానా స్టాంపు. చిల్లర ఇవ్వలేదు, లెక్క కట్టలేదు. 1932లో అక్కడ ఉత్తరం ఒకటిన్నర పెన్నీ, కార్డు ఒక పెన్నీ. అర పెన్నీ బిళ్ళకి ఆకుపచ్చ స్టాంపు, పెన్నీకి ఎర్ర స్టాంపు. కార్డుకైతే ఒక పెన్నీ బిళ్ళ, ఉత్తరానికైతే రెండూ ఒక్కొక్కటి వేస్తే సరిపోయింది. హాయి. ఆ పెన్నీ ఎంత బిళ్ళనుకున్నారు, 30.8 మిల్లీమీటర్ల వెడల్పు, 9.4 గ్రాముల కంచు. మన పాత వెండి రూపాయిని జేబులో పట్టుకున్నట్టే ఉంటుంది వెడల్పుకి. అలాంటి బరువున్న బిళ్ళ పడితేనే లోపల మీట కిందికి దిగుతుంది, చక్రం కదులుతుంది.

1940 మే నెలలో యుద్ధం ఖర్చులకి ఉత్తరం రెండున్నర పెన్నీలు చేశారు. ఇప్పుడు ఎర్రవి రెండు, ఆకుపచ్చది ఒకటి. కవరు మీద మూడు స్టాంపులు. అయినా జనం సర్దుకున్నారు. అసలు దెబ్బ 1971 ఫిబ్రవరి 15న పడింది, డబ్బు లెక్కే మారిపోయింది. పౌండుకి 240 పెన్నీలు పోయి 100 అయ్యాయి. పాత పెన్నీ ఆ ఆగస్టు చివరికి చెల్లకుండా పోయింది. లక్షణంగా పనిచేస్తున్న మెషిన్, కానీ దానికి పడే బిళ్ళే లేదు.

పెసరట్టు_ఉప్మా

తాతయ్యా మీరు మాట్లాడుతుంటే మా చిన్నప్పుడు ఎస్టీడీ బూత్ గుర్తొస్తోంది, రూపాయి బిళ్ళ వేసే ఫోన్. కొత్త రూపాయి బిళ్ళ చిన్నదై వచ్చాక కొన్ని ఫోన్లు దాన్ని తీసుకునేవే కావు, కింద నుంచి ఠంగుమని పడేసేవి. మా ఊళ్ళో షాపాయన పాత బిళ్ళలు డబ్బాలో దాచిపెట్టి ఫోన్ చేసేవాళ్ళకి ఇచ్చేవాడు, మళ్ళీ ఫోన్ తెరిచి తీసుకునేవాడు. ఒకే బిళ్ళ ఎన్నిసార్లు తిరిగిందో.

వాటర్‌మార్క్_తాతయ్య

అదే, సరిగ్గా అదే చిక్కు. ఇంకా చెప్తాను వినండి, ఇది నాకు చాలా ఇష్టమైన ముక్క.

1971లో కొత్త డబ్బు వచ్చినప్పుడు పోస్టాఫీసు వాళ్ళు తెలివైన పని చేశారు. అప్పుడు మొదటి తరగతి ఉత్తరం 3 కొత్త పెన్నీలు, నిదానంగా పోయే రెండో తరగతి రెండున్నర. మెషిన్‌లో 5 పెన్నీల బిళ్ళ వేస్తే ఒక్క స్టాంపు కాదు, ఐదు స్టాంపుల పట్టీ వచ్చేది, వరసగా 2, ½, ½, 1, 1. కూడండి, ఐదు. ఇప్పుడు విడగొట్టండి. రెండూ అరా కలిపితే రెండున్నర. మిగిలిన అరా, ఒకటీ, ఒకటీ కలిపితే మళ్ళీ రెండున్నర! ఒక బిళ్ళకి రెండు ఉత్తరాలు, చిల్లిగవ్వ మిగలదు. రెండూ ఒకటీ తీస్తే మొదటి తరగతి మూడు. ఇది కనిపెట్టినవాడికి దండం పెట్టాలనిపిస్తుంది నాకు.

రెండేళ్ళు గడిచాయో లేదో 1973 సెప్టెంబరులో రేట్లు పెరిగాయి, మూడున్నర, మూడు. ఇక ఆ పట్టీతో ఏం చేసినా ఒక్కటే ఉత్తరం వెళ్తుంది, ఒకటిన్నరో రెండో మిగిలిపోతాయి. 1975లో మార్చిలో ఒకసారి, సెప్టెంబరులో ఇంకోసారి పెంచారు, మొదటి తరగతి ఎనిమిదిన్నర, రెండోది ఆరున్నర. ఆ డిసెంబరులో 10 పెన్నీల పట్టీ తెచ్చారు, 6, 2, 1, ½, ½. ఆరూ రెండూ అరా ఎనిమిదిన్నర, ఇంకా ఒకటిన్నర మిగులు. ఆరూ అరా ఆరున్నర, మూడున్నర మిగులు. అంటే మెషిన్ దగ్గర కొన్నప్పుడల్లా పర్సులో అర పెన్నీ స్టాంపులు పేరుకుపోవడమే. అందుకే ఆ కాలం కవర్లు చూస్తే మూల మొత్తం చిన్న చిన్న స్టాంపులు, ముగ్గులో చుక్కల్లా. 1989లో రేటు అంకె లేకుండా మొదటి తరగతి, రెండో తరగతి అని మాత్రమే రాసిన స్టాంపులు వచ్చి ఈ గొడవ కొంత తీరింది, కానీ అప్పటికి జనం స్టాంపుల పుస్తకాలు షాపుల్లో కొనుక్కోవడానికి అలవాటు పడ్డారు.

కాకిలెక్కలు

సరే ఒప్పుకుంటున్నా. 2, ½, ½, 1, 1 సంగతి కాగితం మీద వేసుకుని చూశాను, నిజంగానే రెండుసార్లు రెండున్నర వస్తోంది. దొంగతనం కూడా ఒక కారణమే అని మాత్రం రాసుకుంటున్నా నా వైపు నుంచి.

రీడింగ్_రోటిపచ్చడి

ఈ చర్చ చదివాక మా వీధి డబ్బా చూసొచ్చాను. గుండ్రటిదే, కోలగా లేదు, పలకా లేదు. కానీ నెత్తి మీద నడిమధ్యలో ఒక లావు బోల్టు లాంటిది తుప్పు పట్టి ఉంది, దేన్నో పెట్టి తీసేసినట్టు. ఇది కూడా స్టాంపుల మెషిన్ ఆనవాలేనా? పైన పెట్టేవాళ్ళా మెషిన్‌ని? ఫోటో పెడుతున్నా.

వాటర్‌మార్క్_తాతయ్య

కాదమ్మా, నెత్తి మీద మెషిన్ పెడితే నిచ్చెన వేసుకుని కొనాలి. అది దారి చూపే బోర్డుది. ఒకప్పుడు డబ్బాల పైన కోలగా ఉండే చిన్న బోర్డు పెట్టేవాళ్ళు, పోస్టాఫీసు ఇటు అని బాణం గుర్తుతో. ఆ పోస్టాఫీసు మారిపోయినా, మూతబడినా బోర్డు తీసేశారు, బోల్టు మిగిలింది. చాలామంది దాన్ని చూసి ఏదేదో అనుకుంటారు.

స్టాంపుల మెషిన్ ఆనవాళ్ళకి డబ్బాలే కాదు, పాత పోస్టాఫీసు భవనాల బయటి గోడలు కూడా చూడండి. ఉత్తరాలు వేసే నోటి పక్కన గోడలో నిలువుగా ఒక దీర్ఘచతురస్రం, చుట్టూ రాయి పాతది, లోపల మాత్రం సిమెంటో, రేకో, కొత్త ఇటుకలో ఉంటే అనుమానించొచ్చు. ఇప్పుడు ఆ భవనంలో పబ్బు ఉన్నా, బట్టల షాపు ఉన్నా గోడ మాత్రం దాచుకోలేదు.

రీడింగ్_రోటిపచ్చడి

థ్యాంక్స్ తాతయ్య గారూ. మా ఆయన "పోస్టు డబ్బా నెత్తి ఫోటోలు తీస్తోంది" అని ఇంటికి ఫోన్ చేసి మా అమ్మకి చెప్పాడు. టెన్షన్ పడుతోంది ఆవిడ, అక్కడ చలికి ఏమైనా అయిందేమో అని.

తపాలా_మాస్టారు

తల్లీ, మీ అమ్మగారికి చెప్పండి, నేను సర్వీసులో ఉన్నప్పుడు డబ్బాలో చెయ్యి పెట్టి ఉత్తరాలు తీస్తే తేలు వచ్చింది ఒకసారి, ఇంకోసారి పిట్ట గూడు. ఫోటోలు తియ్యడం చాలా మంచి అలవాటు.

ఒక సందేహం. ఆ డబ్బాలో ఉత్తరాలు తీసేవాడు, మెషిన్లో డబ్బులు తీసేవాడు ఒకడేనా? మా దగ్గరైతే నగదు ముట్టుకున్నవాడికి వేరే లెక్క, వేరే సంతకాలు. ఒకే తలుపు వెనక రెండూ ఉంటే గొడవే.

చలిదేశంలో_చింతకాయ

వచ్చేశాను. ఆదివారం ఎండ కాసింది! పొద్దున్నే టార్చి, పెన్సిలు, తెల్ల కాగితం పట్టుకుని వెళ్ళా. చిన్నప్పుడు రూపాయి బిళ్ళ మీద కాగితం పెట్టి పెన్సిలు రుద్దితే బొమ్మ పడేది కదా, అలాగే ఆ అక్షరాల మీద కాగితం ఆనించి రుద్దాను. రంగు దట్టంగా ఉండి మొదట ఏమీ రాలేదు, పక్కగా వంచి రుద్దితే ఎస్, తర్వాత టీ, ఏ కొంచెం, ఎమ్ బాగానే, చివరి రెండూ మళ్ళీ కష్టం. స్టాంప్స్! తాతయ్య గారూ మీరే గెలిచారు. కాగితం ఫోటో పెట్టాను, ఈసారి వానచుక్కలు లేవు.

ఇంకో సంగతి. పలక చుట్టూ బోల్టులు ఆరు. కింద కుడివైపు బోల్టు పక్కన రంగు పెచ్చు లేచింది, దాని అంచున పొరలు పొరలుగా ఎరుపు, ఉల్లిపాయ కోసినట్టు. ఒక పొర నారింజలా ఉంది, ఇంకోటి మెరూన్. ఎన్నిసార్లు పూసి ఉంటారో. నేను గీకలేదు, ముట్టుకోలేదు, వాళ్ళ ఆస్తి. @తపాలా_మాస్టారు గారూ, తలుపు ఒకవైపే ఉంది నాకు కనిపించినంతలో, దాని మీద ఉత్తరాలు తీసే టైముల పలక ఉంది. మెషిన్ వైపు వేరే తలుపు లేదు, పలకే తలుపేమో మరి.

నేను రుద్దుతుంటే కుక్కని తిప్పుతున్న ఒక పెద్దాయన ఆగి ఏం చేస్తున్నావ్ అని అడిగాడు. చెప్పాను. "ఓ, స్టాంపుల మెషిన్" అన్నాడు, అంతే, కుక్కని లాక్కుని వెళ్ళిపోయాడు. ఇంకేదైనా చెప్తాడేమోనని చూశా. చెప్పలేదు.

పెసరట్టు_ఉప్మా

అదే మన ఊళ్ళో అయితే ఆ పెద్దాయన అరగంట కూర్చోబెట్టి, అతని మేనమామ తపాలా శాఖలో ఎలా చేరాడో దగ్గర మొదలుపెట్టి, టీ తాగించి పంపేవాడు.

బర్మింగ్‌హామ్_బుజ్జమ్మ

చింతకాయ గారూ, ఆ పెన్సిలు ఐడియా అదిరింది. మా పెద్దాడు ఇప్పుడు మా వీధిలో ఉన్న డబ్బాలన్నీ రుద్దుతానంటున్నాడు. ఒక్కదాని మీద వీ, ఆర్ ఉందట, విక్టోరియా! ఒకప్పుడు డబ్బాలు ఆకుపచ్చగా ఉండేవని, జనానికి చెట్ల మధ్య కనపడట్లేదని 1874 నుంచి ఎరుపు పూయడం మొదలుపెట్టారని చెప్పాను. "అయితే లోపల ఆకుపచ్చ ఉంటుందా" అంటున్నాడు. గీకకుండా కాపలా కాస్తున్నాను.

డెట్రాయిట్_దొండకాయ

తాతయ్య గారూ, ఒక స్టాంపు చేతికొస్తే అది ఇలాంటి మెషిన్లోంచి వచ్చిందని చెప్పగలమా? ఏదైనా గుర్తు ఉంటుందా?

వాటర్‌మార్క్_తాతయ్య

నా పేరే అందుకు సమాధానం. ఆ కాలం బ్రిటిష్ స్టాంపుల కాగితంలో వాటర్‌మార్క్ ఉంటుంది, అంటే కాగితం తయారీలోనే పడిన, మామూలుగా కంటికి ఆనని గుర్తు: కిరీటం, రాజు అక్షరాలు. నల్లటి చిన్న గిన్నెలో స్టాంపుని బోర్లా పెట్టి ఒక చుక్క బెంజిన్ (లైటర్లలో పోసే పెట్రోలు లాంటి ద్రవం, విషపు బెంజీన్ కాదు) వేస్తే గుర్తు తేలుతుంది, ఆరిపోయేలోగా చూసెయ్యాలి, కిటికీలు తీసి పెట్టుకోండి, సిగరెట్టు దగ్గరికి రానీయకండి. మామూలు షీటు స్టాంపులో గుర్తు నిలువుగా ఉంటుంది. పక్కవాటుగా తిరిగే చుట్టల కోసం, అంటే స్టాంపులు పక్కపక్కన వరసగా ఉండే చుట్టల కోసం, అచ్చు వేసినవాటిలో గుర్తు అడ్డంగా పడుకుని ఉంటుంది. అది కనిపిస్తే చుట్టలోంచి వచ్చిందని చెప్పొచ్చు. అయితే ఆ చుట్టలు వీధి మెషిన్లకే కాదు, పెద్ద ఆఫీసుల్లో కవర్లకి స్టాంపులు అతికించే మెషిన్లకీ పోయేవి. ఇంకా నిలువుగా దిగే చుట్టల స్టాంపులు అచ్చం షీటువాటిలాగే ఉంటాయి, తేడా పట్టలేం. ఒక్కోసారి రెండు షీట్లు కలిపి అతికించిన అతుకు దొరికితే, అది పండగ. నాకు నలభై ఏళ్ళలో ఒకటే దొరికింది.

చలిదేశంలో_చింతకాయ

తాతయ్య గారూ, అడ్రసు మెసేజ్‌లో పంపండి. మీకు ఉత్తరం రాస్తాను, ఆ డబ్బాలోనే వేస్తాను.

చలిదేశంలో_చింతకాయ

వేసేశాను. ఇప్పుడు ఇక్కడ స్టాంపు మీద చదరంగం లాంటి బార్‌కోడ్ ఉంటుంది, అది లేని మామూలు పాత స్టాంపులు 2023 జులై దాటాక చెల్లడం లేదు. సూపర్‌మార్కెట్‌లో పాలు, బ్రెడ్డుతో పాటు కొన్నాను స్టాంపులు. దేశంలోపల మొదటి తరగతికే 2025 ఏప్రిల్‌లో 1.70 పౌండ్లు చేశారు, ఇండియాకి ఎంతయిందో మా ఆవిడకి చెప్పలేదు. కవరులో ఒక చిన్న వస్తువు పెట్టాను, ఏంటో చెప్పను.

తపాలా_మాస్టారు

మా దగ్గర కార్డు ఇప్పటికీ 50 పైసలే. అంటే ఎవరూ రాయట్లేదనుకోండి.

వాటర్‌మార్క్_తాతయ్య

ఉత్తరం అందింది. పంతొమ్మిది రోజులు పట్టింది. పోస్ట్‌మ్యాన్ అబ్బాయి "తాతా, లండన్ నుంచి" అని గేటు దగ్గరి నుంచే అరిచాడు. లండన్ కాదురా అని చెప్పినా వినలేదు, ఆ వీధిలో ఇప్పుడు నాకు లండన్‌లో మనవడు ఉన్నాడు.

కవరు లోపల బటర్ పేపర్‌లో చుట్టి (మాస్టారు గారి పాఠం ఎవరో బుద్ధిగా చదివారు) ఆరో జార్జి అర పెన్నీ స్టాంపు, ఆకుపచ్చది, ముద్ర పడింది, ఒక మూల కాస్త పల్చబడింది. చింతకాయ గారు అక్కడ పాత సామాన్ల సంతలో కొన్నారట. ఆత్రం ఆపుకోలేక భోజనం కూడా చెయ్యకుండా గిన్నె తీసి, కిటికీలు తెరిచి, చుక్క వేశాను.

వాటర్‌మార్క్ నిలువుగా ఉంది. షీటుదో, నిలువు చుట్టదో, దానికే తెలియాలి.

చలిదేశంలో_చింతకాయ

అయ్యో. ఆ సంతలో ఇంకో గుప్పెడు ఉన్నాయి తాతయ్య గారూ, శనివారం మళ్ళీ వెళ్తున్నా. బెంజిన్ ఇక్కడ ఏ షాపులో దొరుకుతుందో ఎవరైనా చెప్పండి.